ఇంజన్ మారితే ఫౌండేషన్ మాటేమిటి?

ఖరగ్‌పూర్ దగ్గర మూడు జాతీయ రహదారులు కలుస్తాయి. కోల్‌కతా వైపు నుంచి వచ్చే 16వ నంబరు రోడ్డు ఒడిశా దాటి శ్రీకాకుళం, విశాఖ, విజయవాడ మీదుగా చెన్నైకి పోతుంది. 49వది బిలాస్‌పూర్ దారి పడుతుంది. ఉత్తరాన మోర్‌గ్రామ్‌లో బయల్దేరిన 14వది ఇక్కడికొచ్చి ఆగుతుంది. ఈ ఊళ్లోనే, రైల్వే యార్డును ఆనుకుని నిమ్‌పురా ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు తరాలుగా పాతుకుపోయిన పేట అది. వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఈ ఊళ్లో ఫిట్టరు, టర్నరు, గేజి, షిమ్ము అన్నవి ఇంట్లో వినిపించే మాటలు.

అలాంటి చోట పికప్ బండి ఇంజన్ చచ్చిపోతే యజమాని ముందు రెండు దారులుంటాయి. ఉన్న ఇంజన్‌కే బోరింగ్ చేయించి, పిస్టన్లు, బేరింగులు మార్చుకోవడం ఒకటి. వేరే ఇంజన్ తెచ్చి కూర్చోబెట్టడం రెండోది. కోల్‌కతా మల్లిక్ బజార్‌లోనో, ఇదే రోడ్డు మీద దక్షిణాన ఉన్న విజయవాడ ఆటోనగర్‌లోనో పాత ఇంజన్ దొరకడం కష్టం కాదు. దాన్ని ఈ ఛాసిస్‌లో దేనిమీద నిలబెట్టాలన్నదే చిక్కు. గ్యారేజీ భాషలో ఇంజన్ మౌంటును ‘ఫౌండేషన్’ అంటారు. కొత్త ఇంజన్ బోల్టు రంధ్రాలకూ పాత బండి ఫౌండేషన్‌కూ మధ్య పొత్తు కుదిర్చేది అడాప్టర్ ప్లేటు. అరచేయంత ఇనుప ముక్క. దాని ఎంపిక మీద వాదాలు మాత్రం డెబ్బై ఏళ్లుగా పేరుకుపోయి, ఇప్పుడు ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియనంతగా కలగలిసిపోయాయి.

ఒక పేరు, రెండు ప్లేట్లు

గందరగోళంలో సగం పేరు వల్లే పుట్టింది. అడాప్టర్ ప్లేటు అన్న మాటను రెండు వేర్వేరు వస్తువులకు వాడుతున్నారు. ఒకటి ఇంజన్ పక్కన బిగించేది, బరువు మోసేది. రెండోది ఇంజన్‌కూ గేర్‌బాక్సు బెల్ హౌసింగ్‌కూ మధ్య వచ్చేది. రెండోదానికి కావలసిన కచ్చితత్వం వేరే లోకం. క్రాంక్ షాఫ్ట్ నడిమధ్య గీతా, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ నడిమధ్య గీతా ఒకే వరుసలో ఉండాలి. బెల్ హౌసింగ్ గుండ్రం క్రాంకు కేంద్రం నుంచి ఎంత పక్కకు జరగవచ్చన్నదానికి మాన్యువల్ గేర్‌బాక్సుల విషయంలో చాలామంది పాటించే హద్దు అంగుళంలో వెయ్యింట అయిదు వంతులు, అంటే సుమారు 0.13 మిల్లీమీటర్లు. అది దాటితే క్లచ్ సరిగా వదలదు, పైలట్ బేరింగు అరుగుతుంది. గ్యాస్ కటింగ్‌తో కోసిన ప్లేటు ఆ పనికి పనికిరాదు. డోవెల్ పిన్నులతో, మంచి మిల్లింగ్ యంత్రం మీద చేయించాల్సిందే.

పక్క ప్లేటుకు అంత సూక్ష్మం అక్కర్లేదు. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే రబ్బరు సర్దుకుంటుంది. అక్కడ పరీక్ష బలానికి. ‘నేను చేత్తో కోసి పెట్టాను, ఏళ్ల తరబడి నడిచింది’ అనేవారూ, ‘చేత్తో కోస్తే నెల తిరక్కుండా గేర్‌బాక్సు పోతుంది’ అనేవారూ ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. వాళ్లు మాట్లాడుతున్నది ఒకే ప్లేటు గురించి కాదు. ఇక్కడి నుంచి ఈ వ్యాసం పక్క ప్లేటు గురించే.

అది మోసేది బరువొక్కటే కాదు

పికప్‌లలో ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి ఒకే దిమ్మె. ముందు రెండు పక్కలా రెండు ఫౌండేషన్లు, వెనక గేర్‌బాక్సు కింద ఒకటి, మూడు కాళ్ల పీట మాదిరి. చూసేవారికి కనిపించేది బరువు. ప్లేటును విరిచేది మాత్రం మెలి.

ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఇంజన్ 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుందనుకుందాం. మొదటి గేరు 4:1 అయితే వెనక షాఫ్ట్‌కు చేరేది 800. చక్రాల వైపు ఎంత మెలి పోతే, అంతే మెలి దిమ్మెను వెనక్కి తిప్పాలని చూస్తుంది. ముందు ఫౌండేషన్ల మధ్య దూరం అర మీటరు అనుకుని, మెలి అంతా వాటి మీదే పడిందనుకుంటే, ఒక వైపు 1600 న్యూటన్లు, అంటే 160 కిలోలకు పైగా కిందికి నొక్కుతుంది. రెండో వైపు అంతే బలంతో పైకి లాగుతుంది. ఆ వైపు ఫౌండేషన్ మీద 90 కిలోల బరువున్నా సరే, 70 కిలోల బలం దాన్ని పైకి పీకుతూనే ఉంటుంది. మామూలు దిశలో తిరిగే ఇంజన్లలో ముందు గేర్లకు ఎడమ పక్క లేస్తుంది, రివర్స్‌లో కుడి పక్క. బస్తాలతో నిండిన బండి గట్టు ఎక్కిన ప్రతిసారీ, క్లచ్ వదిలిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. కాబట్టి ప్లేటును కింద నుంచి ఆసరా ఇచ్చే పీటగా కాక, రెండు వైపులా లాగే పట్టీగా చూడాలి.

దీన్ని ప్రపంచానికి గట్టిగా నేర్పిన ఘటన 1971 డిసెంబరులో జరిగింది. జనరల్ మోటార్స్ 1960ల నాటి షెవ్రొలే కార్లు, చిన్న ట్రక్కులు సుమారు 67 లక్షలు వెనక్కి పిలిపించింది. వాటి ఫౌండేషన్లలో రబ్బరు, లోహం నుంచి ఊడిపోతోంది. ఊడితే ఇంజన్ ఎడమ పక్క పైకి లేచి, యాక్సిలరేటర్ లింకేజీని లాగేసి, బండిని తనంతట తానే పరుగెత్తించే ప్రమాదం ఉంది. కంపెనీ చేసిన మరమ్మతు చాలా చవకైంది: ఇంజన్ లేవకుండా పట్టి ఉంచే ఇనుప తీగ. ఆ తర్వాత రబ్బరు తెగినా లోహం లోహాన్ని కొక్కెంలా పట్టుకునే ఫౌండేషన్లు మామూలయ్యాయి. ఈ రోజు ప్లేటు ఎంచుకునేవారు వేయాల్సిన మొదటి ప్రశ్న అక్కడి నుంచే వచ్చింది. రబ్బరు పూర్తిగా తెగిపోతే ఈ అమరిక ఇంజన్‌ను పట్టుకుంటుందా, వదిలేస్తుందా? మందం, లోహం, ధర అన్నీ దీని తర్వాతి మాటలు.

పెట్రోలు నుంచి డీజిలుకు

మన దేశంలో ఇంజన్ మార్పిడి సరదాగా పుట్టింది కాదు, ఇంధనం ఖర్చు పుట్టించింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌లో పెర్కిన్స్ కంపెనీ పీ6 అనే ఆరు సిలిండర్ల డీజిలు ఇంజన్‌ను పెట్రోలు లారీలలో అమర్చుకునే సరంజామాతో సహా అమ్మింది. ఫలానా లారీకి ఫలానా ఫౌండేషన్ ముక్కలు అన్నట్టుగా. మద్రాసులోని సింప్సన్ కంపెనీ 1950ల్లో పెర్కిన్స్ ఇంజన్ల తయారీ అందుకుంది. మార్పిడి ముక్క కూడా ఇంజన్‌తో పాటే కొలిచి చేయాల్సిన సరుకన్న ఆలోచన అప్పటిది.

తర్వాతి దశలో పని ఫ్యాక్టరీ చేతిలోంచి జారి మేస్త్రీ చేతికి వచ్చింది. పెట్రోలు జీపుల్లోకి, అంబాసిడర్లలోకి డీజిలు ఇంజన్లు ఎక్కాయి. మహీంద్రా ప్యూజో డీజిలు ఇంజన్లను తన జీపుల్లో పెట్టడం, హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌కు 1489 సీసీ డీజిలు ఇంజన్ ఇవ్వడం, బజాజ్ టెంపో మెర్సిడెస్ ఓఎం616 ఇంజన్‌ను మాటడోర్‌లో పెట్టడం మొదలయ్యాక, తుక్కు బజార్లకు డీజిలు ఇంజన్ల పంట పండింది. బెంగాల్‌కు ఇందులో సొంత అధ్యాయం ఉంది. హుగ్లీ జిల్లా ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ చేసిన ట్రెక్కర్, అంబాసిడర్ ఇంజన్‌తోనే నడిచేది. ఆ బండి తయారీ ఆగి ఎన్నో ఏళ్లయినా మేదినీపూర్ పల్లెల్లో మనుషుల్ని ఎక్కించుకునే జీపు ఏదైనా ట్రెక్కరే. ఉత్తరపారా ఫ్యాక్టరీ కూడా 2014 మే నెలలో మూతబడింది. విడిభాగాలు అరుదైన బండికి వేరే ఇంజన్ వెతకడం అక్కడ విలాసం కాదు, అవసరం.

అమెరికాలో కథ వేరు. అక్కడ వేగం కోసం మార్చారు. 1955లో వచ్చిన షెవ్రొలే చిన్న వీ8 దశాబ్దాల పాటు ఎన్నో బండ్లలోకి దూరింది. 1997లో కార్వెట్‌తో ఎల్ఎస్ తరం వచ్చింది, 1999 నుంచి పికప్‌లలోనూ అదే తరం. పాత వీ8కు ఒక్కో పక్క మూడు ఫౌండేషన్ బోల్టులు, కొత్తదానికి నాలుగు. ఆ మూడుకూ నాలుగుకూ మధ్య తేడాలోంచి అడాప్టర్ ప్లేట్ల వ్యాపారమే పుట్టింది. ఇంజన్‌ను అంగుళం వెనక్కి, అంగుళం ముందుకు జరిపే ప్లేట్లు పెట్టెల్లో దొరుకుతాయి. దీంతో పాటు ఒక పాఠమూ దొరికింది. ఎల్ఎస్ క్రాంకు చివర పాత ఇంజన్ కంటే సుమారు 10 మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. ప్లేటు చక్కగా కూర్చున్నా, పాత గేర్‌బాక్సుకు స్పేసరు లేకుండా కలవదు. పక్క ప్లేటు కుదిరినంత మాత్రాన ఇంజన్ కుదిరినట్టు కాదు.

మూడు పక్షాలు

రెడీమేడ్ ప్లేటు పక్షంవారి బలం, ఆ ప్లేటు ముందే కొలిచి, ఎన్నో బండ్లలో పరీక్షకు నిలిచిందన్నది. బలహీనత, అది ఒక ఇంజన్‌కూ ఒక ఛాసిస్‌కూ మాత్రమే పుట్టింది. బొలేరో పికప్‌కూ టాటా 207కూ ఇలాంటి పెట్టె సరుకు అమెరికన్ బండ్లకు దొరికినంత విరివిగా దొరకదు. దొరికినవాటిలో కొన్ని ‘అన్నిటికీ సరిపోయేవి’ పేరుతో పొడుగు రంధ్రాలతో వస్తాయి. జరుపుకోవడానికి అవి హాయి. బిగించాక ఆ అమరిక బోల్టు నొక్కుడు మీదే, రాపిడి మీదే నిలబడుతుంది. బోల్టు కాస్త వదులైతే ఇంజన్ ఆ గాడి వెంబడే జారుతుంది. పొడుగు రంధ్రాన్ని కొలత తీసుకోవడానికి వాడుకుని, స్థానం తేలాక గుండ్రటి రంధ్రంతో అసలు ప్లేటు చేయించుకోవడం మంచి పద్ధతి. లేదా అదే ప్లేటుకు డోవెల్ పిన్ను దింపాలి.

సొంత కోత పక్షం మన గ్యారేజీలది. ఇంజన్‌ను చైన్ బ్లాకుకు వేలాడదీసి, సరైన చోట ఆపి, అట్టముక్క మీద రంధ్రాలు గుర్తుపెట్టుకుని, ఆ అట్టను ఇనుప ప్లేటు మీద పరిచి కోస్తారు. ఈ పనిని చిన్నచూపు చూడటం తప్పు. ముందు ఇంజన్ స్థానం తేల్చి తర్వాత ప్లేటు కోయడం నిజానికి సరైన వరుస. ఇందులో దెబ్బ కొట్టేది కొలత కాదు, వెల్డింగు. ప్లేటు మూలలో కారిన వెల్డింగు అంచున పగులు పుడుతుంది. ఊగులాట పడే చోట ఆ పగులు మెల్లగా పెరుగుతుంది. లోపలి మూలలు గుండ్రంగా తీయకపోయినా, గ్యాస్ కోత గరుకు అంచును గ్రైండింగ్ చేయకపోయినా అంతే. పోత ఇనుప బ్లాకుకు నేరుగా వెల్డింగు పెట్టే ధైర్యం ఎవరూ చేయకూడదు.

మూడోది దాత బండి పక్షం. ఇంజన్ ఏ బండిలోంచి వచ్చిందో, దాని బ్రాకెట్లు, రబ్బర్లు, వీలైతే క్రాస్ మెంబరు కూడా తెచ్చుకోవాలంటారు వీళ్లు. కంపెనీ చేసిన బ్రాకెట్టుకు వెనక ఎన్నో గంటల పరీక్ష ఉంటుందన్న వాదన కాదనలేనిది. పనిచేసి సంపాదించాల్సిన బండికి మొగ్గు చూపాల్సిన దారి ఇదే, ముఖ్యంగా ఒకే కుటుంబానికి చెందిన ఇంజన్ అయితే. టాటా 407తో పేరొందిన 497 తరం ఇంజనే 207 డీఐ పికప్‌లోనూ వచ్చింది. అలాంటి చోట ప్లేటు పని బాగా తగ్గిపోతుంది. అయితే ఛాసిస్ విషయంలో ఒక హెచ్చరిక. నిచ్చెన ఆకారపు ఛాసిస్‌లో పొడవు పట్టీలకు పై అంచు, కింది అంచు ప్రాణం. వంపు బలం వాటిమీదే ఎక్కువ పడుతుంది. అక్కడ రంధ్రం వేయవద్దనీ, వెల్డింగు చేయవద్దనీ వాహన కంపెనీలు బాడీ కట్టేవాళ్లకు చెబుతూనే ఉంటాయి. కొత్త బ్రాకెట్టుకు రంధ్రాలు నిలువు గోడలో పడాలి.

ఎంత మందం?

‘ఆరు సరిపోతుంది’, ‘పది ఉండాల్సిందే’ అన్న వాదన ఎక్కడికి వెళ్లినా వినిపిస్తుంది. ప్లేటు వంగకుండా నిలిచే బిగువు మందం ఘనంతో పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల నుంచి 8కి పోతే బిగువు దాదాపు 2.4 రెట్లు, 10కి పోతే 4.6 రెట్లు. బరువు మాత్రం 1.3 రెట్లు, 1.7 రెట్లే. కాబట్టి రెండు మిల్లీమీటర్ల దగ్గర పిసినారితనం అనవసరం.

అల్యూమినియం ఇనుము బరువులో మూడో వంతే. దాని బిగువు కూడా మూడో వంతే. 10 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటుకు సాటి రావాలంటే అల్యూమినియం 14 ఉండాలి. అప్పటికీ బరువు సగానికి తగ్గుతుంది కనుక పందెం కార్లవాళ్లు దాన్ని ఇష్టపడటంలో న్యాయముంది. ఉల్లిపాయల బస్తాలు మోసే పికప్‌కు ఒకటి రెండు కిలోల ఆదా ఎందుకూ కొరగాదు. పైగా అల్యూమినియానికి ఎంత చిన్న ఊగులాటైనా లెక్కలోకి వస్తూనే ఉంటుంది. ఇనుముకు ఒక స్థాయి కంటే తక్కువ ఊగులాటలు దాదాపు లెక్కలోకి రావు. మామూలు ఐఎస్ 2062 రకం ప్లేటు, 8.8 లేదా 10.9 గ్రేడు బోల్టులు, ప్లేటు ఎక్కడా సన్నని మెడలా మిగలని ఆకారం ఈ మూడూ కలిస్తే చాలు. ఆకారం బాగోలేని 12 మిల్లీమీటర్ల ప్లేటు కంటే, పక్కన నిలువు రెక్క కలిపిన 8 మిల్లీమీటర్ల ప్లేటు మేలు.

రబ్బరు దగ్గర తగువు

లోహం గురించి ఇంత మాట్లాడినా, బండి నడిపేవాడికి తెలిసేది రబ్బరే. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 800 తిరుగుళ్ల ఐడిలింగ్‌లో సెకనుకు దాదాపు 27 సార్లు అదురుతుంది. ఆ అదురు ఛాసిస్‌కు చేరకుండా ఉండాలంటే ఫౌండేషన్ మీద ఇంజన్ సహజంగా ఊగే వేగం సెకనుకు 19 కంటే తక్కువ ఉండాలి. అంటే రబ్బరు తగినంత మెత్తగా ఉండాలి. గట్టి పాలీయురితేన్ వేస్తే ఇంజన్ కదలదు. బదులుగా అద్దం, స్టీరింగు, డ్రైవరు నడుము కదులుతాయి. అసలు రబ్బరే లేకుండా బిగిస్తే ఆ అదురు ప్లేటులోనూ, ఛాసిస్ రివెట్లలోనూ పగుళ్లు వెతుక్కుంటుంది.

మెత్తటి రబ్బరుకూ శత్రువులున్నాయి. డీజిలు, ఇంజన్ ఆయిలు తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఎగ్జాస్టు, టర్బో వేడి దాన్ని ఎండగట్టి చీలుస్తుంది. కొత్త ఇంజన్‌లో ఆ వేడి వైపు పాత బండి రబ్బరు ఉన్న వైపే అయితే వేడిని ఆపే రేకు తప్పనిసరి. ఇంకో చిన్న సంగతి. రబ్బరు కరెంటును ఆపేస్తుంది. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు మంచి ఎర్త్ కేబులు వేయకపోతే, స్టార్టరు లాగే కరెంటు క్లచ్ కేబులు గుండానో, యాక్సిలరేటర్ తీగ గుండానో దారి వెతుక్కుంటుంది.

ప్లేటు కంటే ముందు తేలాల్సినవి

ప్లేటు ఎంపికలో జరిగే పెద్ద పొరపాటు, దాన్ని ముందే కొనేయడం. ముందు తేలాల్సింది ఇంజన్ ఎక్కడ కూర్చోవాలన్నది. సంపు కింద స్టీరింగు రాడ్డుకు, ముందు యాక్సిలుకు చోటుండాలి. స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడూ ఆ చోటు మిగలాలి. ఫ్యాను రేడియేటరుకు తగలకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది వెనక షాఫ్ట్ కోణం. గేర్‌బాక్సు చివరా, డిఫరెన్షియలు మూతీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండి, రెండు చివరల జాయింట్ క్రాసుల కోణాలు సమానంగా ఉంటేనే షాఫ్ట్ సాఫీగా తిరుగుతుంది. ఆ కోణం మూడు డిగ్రీల లోపు ఉంచమని మామూలు సలహా. పూర్తిగా సున్నా కూడా మంచిది కాదు, సూది బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి. ముందు ఫౌండేషన్‌కూ వెనక ఫౌండేషన్‌కూ మధ్య మీటరు దూరం ఉంటే, ముందు 10 మిల్లీమీటర్లు ఎత్తు పెంచడంతో కోణం అర డిగ్రీకి పైగా మారుతుంది. సంపు తగులుతోందని రెండు వాషర్లు ఎక్కువ పెట్టిన బండి అరవై కిలోమీటర్ల వేగంలో వణికితే నింద టైర్ల మీద పడుతుంది.

కాగితం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ఈ చర్చకంతటికీ గట్టు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటితో విభేదించేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. ఇంజన్ నంబరు, ఇంధనం, సీసీ అన్నీ ఆ పత్రంలో ఉన్నవే. ఇంజన్ మారిస్తే పద్నాలుగు రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని అదే సెక్షన్ అంటుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు కుదరవని తేల్చిచెప్పింది. అదే ఏడాది చేరిన సెక్షన్ 182ఎ, అనుమతి లేని ఒక్కో మార్పుకూ అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది.

దీని అర్థం సరుకు బండి యజమానికి సూటిగా తగులుతుంది. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ బిల్లుతో తెచ్చి నమోదు చేయించుకోవడం ఒక ఎత్తు. వేరే కంపెనీ ఇంజన్ అడాప్టర్ ప్లేటు మీద కూర్చోబెట్టడం మరో ఎత్తు. రెండోదాంట్లో ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గడం కష్టం, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఎదురు తిరగవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో అయితే ఇంజన్‌ను దాని కంప్యూటరూ, ఎగ్జాస్టు శుద్ధి పరికరాలూ లేకుండా ఊహించలేం. ఆ బండ్లకు ప్లేటు చర్చ దాదాపు అప్రస్తుతం. రోడ్డు మీద సంపాదనకు నడిచే పికప్‌కు సొంత ఇంజన్‌నే బాగుచేయించుకోవడం, లేదంటే అదే రకం ఇంజన్ తెచ్చుకోవడం మేలన్న పక్షమే ఇక్కడ బరువైనది. వేరే ఇంజన్ ప్రయోగాలు పొలంలో, ప్రైవేటు ఆవరణలో తిరిగే బండ్లకూ, పందెం బండ్లకూ సరిపోతాయి.

ఇంకా తేలనివి

మందం లెక్కలు తేలాయి, రబ్బరు లెక్కలు తేలాయి. ప్లేటు ఆయుష్షు మాత్రం తేలలేదు. గ్యారేజీలో పుట్టిన ప్లేటుకు భాగం నంబరుండదు, గీసిన బొమ్మ ఉండదు, ఏ ఇనుముతో చేశారో రాసిపెట్టరు. అది పగిలినప్పుడు మరో మేస్త్రీ మరో అట్టముక్కతో మళ్లీ మొదలుపెడతాడు. పగులు ఎక్కడ మొదలైంది, ఎన్ని కిలోమీటర్లకు మొదలైంది అన్న సంగతి తుక్కులో కలిసిపోతుంది. రైల్వే వర్క్‌షాపుల్లో ప్రతి భాగానికీ చరిత్ర రాసి ఉంచే అలవాటున్న ఊళ్లో, ప్లేటు మీద తేదీ, మందం పంచ్‌తో కొట్టి, కొలతలు బండి పుస్తకంలో ఎక్కించడం పెద్ద పనేమీ కాదు. మొదటి వెయ్యి కిలోమీటర్లకు బోల్టులు మళ్లీ బిగించి, వెల్డింగు అంచులు డై పెనెట్రెంట్‌తో చూసుకోవడమూ అంతే.

రెండో తేలని ప్రశ్న విద్యుత్ మార్పిడి తెచ్చింది. పాత బండిలో డీజిలు ఇంజన్ తీసి మోటారు పెట్టే కిట్లకు ఏఐఎస్-123 అనే ప్రమాణం ఉంది. కిట్ మొత్తం పరీక్షా సంస్థ ఆమోదం పొందాలి. మోటారును నిలబెట్టే ముక్కలూ, పాత గేర్‌బాక్సు ఉంచుకుంటే దానికి కలిపే ప్లేటూ ఆ కిట్‌లో భాగమే. అంటే మోటారు కింద ఉన్న ప్లేటును ఎవరో ఒకరు పరీక్షించి సంతకం పెడతారు. డీజిలు ఇంజన్ తీసి వేరే డీజిలు ఇంజన్ కోసం పెట్టిన ప్లేటుకు అలాంటి సంతకం పెట్టే దారి లేదు.